బియ్యం నిండుకున్నాయి

ఏమండీ,

తర్కానికి అందనిది జ్ఞానమే కాదని నలభై ఏళ్లు నాతో వాదించారుగా, వినండి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మీ మనవరాలు వంటింటి సరుకులకు కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాసింది. నిన్న "బియ్యం నిండుకున్నాయే" అన్నాను. అందులో డబ్బా నిండుగా ఉందని నొక్కి, కొనకుండా ఊరుకుంది! ఇవాళ దాని ఆఫీసువాళ్లు ఆరుగురు భోజనానికొస్తే ఉప్మా పెట్టాను.

"అయిపోయాయని చెప్పొచ్చుగా నానమ్మా!" అని లబోదిబోమంది.

"ఇంట్లో ఆ మాట అనకూడదే, మొద్దూ."

"ఇంకేం తిరగేసి చెబుతారు?"

"దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. వెళ్తాననం, వస్తానంటాం."

అది బుద్ధిగా రాసుకుంది.

మీరూ ఆసుపత్రికి బయల్దేరుతూ "వస్తానే" అనే వెళ్లారు. లెక్కల మాస్టారై ఉండి, రుజువు లేకుండా మీరన్న మాట అదొక్కటే. దానికి మాత్రం నూటికి నూరు మార్కులు వేశాను.