పేలిక కట్టిన తీగలు

అమ్మా, నా బంగారు అమ్మా,

ఫోనులో చెబితే సగంలో అందుకుని మిగతా సగం నువ్వే చెప్పేస్తావు. అందుకే ఉత్తరం. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించి, కూర్చుని చదువు.

మీ అక్క మణికట్టుకి కట్టు ఇంకా మూడు వారాలు ఉంచాలన్నాడు డాక్టరు. ఉన్న ఎడం చేత్తోనే పెద్దమ్మ తల దువ్వుకుంటుంది, కాఫీ తాగుతుంది, నన్ను ఆడిస్తుంది. వంట నాదే. నవ్వకు. గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చిన పిల్లనని చుట్టాలందరికీ చాటింది నువ్వే కదా.

వచ్చిన రోజు పొద్దున్నే అడిగాను, “పెద్దమ్మా, ఇవాళ ఏం వండను?” అని. “నన్నడుగుతావేం? తోటనడుగు,” అంది. వేళాకోళం అనుకున్నాను. కాదు. ఇక్కడ నిజంగానే తోట చెప్పిందే వంట. ఎండలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి కదా, రోజుకో కొత్త సంగతి. నిన్న వేలంత ఉన్న ముల్లంగి ఇవాళ మట్టిని తోసుకుని భుజాలు బయటపెడుతుంది. లేత చిక్కుళ్ళు తొక్కతో సహా తినేటంత మెత్తగా ఒక్క వారమే ఉంటాయట. ఆ వారం దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ వారంలో నేనిక్కడ ఉన్నాను! ఇన్నేళ్ళూ ఏ వారంలో ఎక్కడ ఉన్నానో అనిపించింది.

ఇక బఠాణీ. దానికి ఒక శాసనం ఉంది: ముందు నీళ్ళు మరగాలి, తరవాతే కాయ తెగాలి. గిన్నెలో నీళ్ళు తెర్లుతుంటే నేను తోటలోకి పరుగు. పెద్దమ్మ వెనక గుమ్మంలో నిలబడి అరుపు: “నడుస్తున్నావా, ఊరేగుతున్నావా? తీపి చచ్చిపోతోందే!” తెంపిన క్షణం నుంచీ గింజలో చక్కెర పిండిగా మారిపోతుంటుంది. ఈ ముక్క నేను రసాయనశాస్త్రం పరీక్షలో రాశాను, పదికి పది వచ్చాయి. నాలుకకి తెలిసింది మాత్రం ఇక్కడే. కాయ నొక్కితే టప్పుమని విచ్చుకుంటుంది. లోపల తొమ్మిది గింజలు, ఒక్కోటీ తన చిన్న బొడ్డుతాడుతో అమ్మని పట్టుకుని. చూస్తూ నిలబడిపోయాను. “చూడ్డానికి టిక్కెట్టు లేదుగానీ, నీళ్ళు ఇంకిపోతున్నాయి!” అని మళ్ళీ అరుపు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మా, నేనొక ఘోరం చేశాను.

కట్టు లోపల దురదతో పెద్దమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. గురువారం ఏదైనా గొప్పగా పెట్టాలనుకున్నాను. వెనక గోడ పక్కన ఆరు బఠాణీ తీగలకి పాత నీలం దుప్పటి పేలికలు కట్టి ఉన్నాయి. “పేలికలున్నవాటికి నీళ్ళు మరవకు,” అని రోజూ చెప్పేది. ఆ కాయలు నా బొటనవేలంత లావు. మంచి రోజుకని దాచి ఉంటుంది అనుకున్నాను. మొత్తం దులిపేశాను. రెండు నిమిషాలు ఉడికించి, ఉప్పు, వెన్న, పుదీనా.

మొదటి చెంచా నోట్లో పెట్టుకుని పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. “ఎక్కడివే ఇవి?”

“వెనక గోడ దగ్గరివి. బాగాలేవా?”

ఆవిడ గిన్నె నా ముందుకి జరిపి, “ఇంకాస్త వెయ్యి,” అంది. అడుగు దాకా తింది.

సాయంత్రం పక్కింటి టైలరు గారు గోడ మీంచి తొంగి చూశారు. “అదేంటమ్మా! విత్తనం తీగలు బోసిపోయాయి?”

“ఉడుత పడిందండీ,” అంది పెద్దమ్మ, నావైపు చూడకుండా.

అప్పుడు తెలిసింది. అన్నిటికన్నా బలమైన తీగలకి పేలిక కట్టి, వాటి కాయలు ముట్టకుండా ఎండబెట్టి, మళ్ళీ ఏడాది నాటేందుకు దాస్తుందట. అమ్మమ్మ చేతిలో పెట్టిన గుప్పెడు గింజల నుంచీ ముప్పై ఒక్క ఏళ్ళుగా. పోనీ పాతవి ఉన్నాయా అంటే, డబ్బాలో మిగిలినవి వానలకి బూజుపట్టాయి. మిగిలిన వరసల్లో కాయలు మేం ఎప్పుడో తినేశాం, ఆ తీగలు ఎండిపోయాయి. వంటింటి గట్టు మీద తల ఆనించి ఏడ్చాను. పెద్దమ్మ ఎడం చేత్తో నా జుట్టు లాగింది.

“ఆపవే. ఒక మాట చెప్పనా? మంచివన్నీ విత్తనానికి పోయేవి. మేం తిన్నదెప్పుడూ రెండో రకమే. మంచివి ఎలా ఉంటాయో ఇవాళ్టి దాకా నాకే తెలీదు. ఇంత గొప్పదాన్ని, గొప్పదని తెలీకుండానే కాపాడుకొచ్చానే!”

ఆ మొహం నువ్వు చూడాల్సింది. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మా, ఏటా నీకొక పొట్లం పంపుతుంది కదా. ఒక్కటైనా ఉంటే వెంటనే పంపు. ఇంకొకటి, ఇది కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నేను సెలవు మీద రాలేదు. ఉద్యోగం మానేశాను. ఇలా మానేసినవాటిలో ఇది మూడోది. మొదలుపెట్టిన ఏ పనికీ చివర చూడని నేను, ముప్పై ఒక్క ఏళ్ళ పనికి ఒక్క పూటలో చివర చూపించాను.

నీ
ఉడుత

*

నా చిట్టి ఉడుతా,

ఉద్యోగం సంగతి నాకు నెల క్రితమే తెలుసు. బీరువా తాళంచెవి తిరిగి ఇవ్వమని మీ ఆఫీసు వాళ్ళు ఇంటికి ఫోను చేశారు. నువ్వే చెబుతావని నోరు కట్టుకు కూర్చున్నాను. నా నోటికి అదెంత కష్టమో నీకు తెలుసు.

పొట్లాలు లేవే. మా అక్కకి తెలియని మాట నీకు చెబుతున్నాను. అమ్మ ఆ గింజలు అక్క చేతిలో పెట్టింది, నా చేతిలో పెట్టలేదు. “నీకు మట్టంటే చిరాకు కదే,” అంది. నిజమే, అయినా ఉక్రోషం వచ్చింది. అక్క మొదటి పొట్లం పంపినప్పుడు నానబెట్టి వండేశాను. ఆ తరవాత రుచి మరిగాను. అన్నేళ్ళ పొట్లాలూ నీ కడుపులోకీ నా కడుపులోకీ పోయాయి. నువ్వు ఒక్క పూట తిన్నావు, నేను ఏటా తిన్నాను. ఏడవాల్సింది నేను.

ఇది అక్కకి చదివి వినిపించు. ఇక దాచలేను. నువ్వు మాత్రం ఇప్పుడే పరిగెత్తుకు రాకు. ఆ తీగల దగ్గరే ఉండు.

అమ్మ

*

అమ్మా,

ఆరు వారాలు రాయలేదని తిట్టుకుంటున్నావా? చెప్పడానికి చివర దొరికే దాకా రాయకూడదనుకున్నాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. పెద్దమ్మ ముందు నోరు తెరిచింది. తరవాత కట్టున్న చెయ్యి పట్టుకుని, కన్నీళ్ళొచ్చే దాకా నవ్వింది. “వండుకుందా దొంగమొహంది! అడిగితే ఇంకో గుప్పెడు పంపేదాన్ని కదే. దానికెందుకివ్వలేదని అమ్మని నేనూ ఒక్కసారి అడగలేదు చూడు,” అని, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ మర్నాడే, నీళ్ళు పోస్తుంటే, పేలిక తీగ చివర ఒక తెల్లని పువ్వు కనిపించింది. అరిచాను. పెద్దమ్మ చెప్పులు లేకుండా వచ్చింది. “కాయ ఎండితే తీగ తన పని అయిపోయిందనుకుంటుందే. కోసేస్తే ఇంకా అవలేదనుకుని మళ్ళీ పూస్తుంది. పాపిష్టిదానా, దులిపి మంచిపనే చేశావేమో! కానీ ఎండలు ముదిరితే పూత రాలిపోతుంది. ఆశపడకు.”

ఆశపడ్డాను. పాత దుప్పట్లు కట్టి మధ్యాహ్నపు ఎండ ఆపాను. మొదళ్ళకి గడ్డి పరిచాను. టైలరు గారు గోడ మీంచి, “ఏమ్మా, తీగలకి పెళ్ళిపందిరా?” అన్నారు గానీ, సాయంత్రానికి రెండు గుడ్డలు ఆయనే తెచ్చి కట్టారు. పూత చాలా రాలింది. మూడు తీగలు వాడిపోయాయి. మిగిలిన మూడింటికీ పొట్టి కాయలు కాశాయి. ఈలోగా తోట మారిపోయింది. చిక్కుళ్ళ వారం పోయి కీరదోస వారం వచ్చింది, అదీ వెళ్ళి టమాటాలు ఎరుపెక్కాయి. వచ్చినవి వచ్చినట్టు వండాను. మాడలేదు. ఆ మూడు తీగల జోలికి మాత్రం పోలేదు. పచ్చని కాయలు పసుపయ్యాయి, కాగితంలా అయ్యాయి. నిన్న ఊపితే లోపల గలగల. అమ్మా, ఆ చప్పుడు వినేందుకు ఒకచోట ఇన్నాళ్ళు నిలబడింది నేనేనా!

ఒకటి మాత్రం పచ్చిగా ఉండగానే పోయింది. పెద్దమ్మ కట్టు విప్పిన రోజు ముందు పొయ్యి మీద నీళ్ళు పెట్టించింది. కుడిచేత్తో మొదటగా తెంపింది పేలిక తీగ కాయనే. నేను “అయ్యో!” అంటే కసిరింది. “ఇక నుంచీ ఏటా ఒక్క కాయ తినాలి. దేన్ని కాపాడుతున్నామో తెలియద్దూ?” ఆ కాయలో ఐదు గింజలున్నాయి. ఆవిడకి రెండు, నాకు రెండు. ఐదోది చాకుతో కోసి, “ఇది మా చెల్లెలి వాటా,” అని రెండు సగాలూ మా ఇద్దరి నోళ్ళలో వేసింది.

చలి మొదలయ్యాక నాటాలి. నేను ఉంటాను. అప్పటికి నువ్వూ రావాలట. ఇది మీ అక్క పిలుపు కాదు, హుకుం.

ఈ కవరులో ఏడు గింజలున్నాయి. పెద్దమ్మ కుడిచేత్తో లెక్కపెట్టి ఇచ్చింది. ఈసారి ఇవి నీ చేతిలోనే పెట్టమంది. వచ్చాక, మీ అక్క చెయ్యి పట్టుకుని మాతో మట్టిలోకి దిగు. అప్పటిదాకా వీటిని పొడిగా దాచు.

నీళ్ళలో మాత్రం నానబెట్టకు తల్లీ.

నీ
ఉడుత