ముప్ఫై రెండో నంబరు బస్సు

డిపో షెడ్డు,
మార్చి 12, బుధవారం.

బావకి,

నమస్కారం. ఉత్తరమన్నాక క్షేమ సమాచారాలతో మొదలుపెట్టాలి కాబట్టి, ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్క, పాప బాగున్నారని అక్కే ఫోన్లో చెప్పింది. నీ సంగతే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. కట్టు లోపల దురద పెడితే స్కేలు దూర్చకు. అక్క స్వెటర్లు అల్లే సూది అసలే వద్దు. ఎముకల డాక్టరు నిన్ను రెండుసార్లు తిట్టాడని నాకు తెలుసు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నేను ధైర్యం కూడదీసుకునేలోపు నువ్వొక జోకేస్తావు, నేను నవ్వేస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. మూడు వారాలుగా ఇదే వరస. పోస్టులో వేస్తే సోమవారం లోపు అందుతుందా లేదా అని మావాళ్ళు దానిమీద కూడా పందెం వేస్తారు. అందుకే మన తొమ్మిదింటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

అసలు సంగతికొస్తాను. సోమవారం ప్రమాదం మీద జరిగే విచారణలో, వేగంగా నడిపాను, తప్పంతా నాదే అని సంతకం పెట్టేసి, ఉద్యోగం కూడా వదిలేస్తానంటున్నావట. అక్క చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. నువ్వు పాపని ఎత్తుకోవడం లేదట. కాలి నొప్పి వల్ల కాబోలని మొదట్లో అనుకుందట. మొన్న నువ్వు కుర్చీలో కూర్చునుంటే ఒళ్ళో కూర్చోబెట్టబోయిందట. నువ్వు చేతులు వెనక్కి లాక్కున్నావట.

“నా చెయ్యి మంచిది కాదు. దాన్ని నా దగ్గరికి తేకు” అన్నావట.

ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు బావా. ఇరవై రెండేళ్ళు ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన చెయ్యి ఒక్కరోజులో చెడ్డదెలా అయిపోయింది? ఆ రోజు పొద్దున డబ్బాలోంచి ముప్ఫై రెండో నంబరు చీటీ తీసినందుకేగా?

మన డిపోకి ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో నాకూ సరిగ్గా గుర్తులేదు. ఫోన్లలో మ్యాచుల మీద పందాలతో మొదలైంది. తర్వాత ప్రతిదానికీ అదే. మన డ్యూటీ క్లర్కు ఇల్లు మారాలా వద్దా అని ఫోన్లో చక్రం తిప్పి తేల్చుకున్నాడు. మారమని వచ్చిందట, మారాడు. ఇప్పుడు రోజూ రెండు బస్సులు మారి, ఆలస్యంగా వచ్చి మనమీద విసుక్కుంటాడు. ఎవరికి ఏ బస్సివ్వాలన్న తగువులు పడలేక, ఆ మహానుభావుడే చార్టు రాయడం మానేసి, నంబర్లన్నీ చీటీల మీద రాసి బిస్కట్ల డబ్బాలో పోశాడు. పదకొండేళ్ళు నడిపిన బస్సయితే దాని చప్పుడుని బట్టే జబ్బు తెలుస్తుందని నువ్వొక్కడివే నెలరోజులు గొణిగావు. తర్వాత నువ్వూ ఊరుకున్నావు. నిన్ను తప్పుపట్టడం లేదు, అందరం ఊరుకున్నాం.

మా మెకానిక్కులం ఇంకో మెట్టు పైనే ఉన్నాం. డబ్బు పెట్టి ఆడితే ఇంటికి పంపిస్తానని ఫోర్మన్ బెదిరించాడు కాబట్టి, మేం ఆదివారాలు పెట్టి ఆడేవాళ్ళం. గెలిచినవాడికి ఆ ఆదివారం సెలవు. ఓడినవాడు అతని బదులు బస్సు కింద గోతిలోకి దిగాలి. నాలుగింటిలోపు వాన పడుతుందా, మేనేజరు ఏ రంగు చొక్కా వేసుకొస్తాడు, ఇలాంటివే. స్టోర్సులో మనం జోస్యుడని పిలిచేవాడున్నాడే, వాడికి ఇవన్నీ చప్పగా అనిపించాయట. ఈ వారం దారి మధ్యలో ఏ బస్సు ఆగిపోతుందో చెప్పండని కొత్త ఆట తెచ్చాడు. ఒక్కొక్కరం ఒక నంబరు రాసి, మడిచి మా షెడ్డులో ఇంకో డబ్బాలో వెయ్యాలి. శనివారం విప్పాలి.

చూశావా, బస్సులు బాగుచెయ్యాల్సినవాళ్ళం, అవి ఎప్పుడు చెడిపోతాయా అని ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఇది తప్పురా అన్న మాట మాలో ఒక్కడి నోటినుంచీ రాలేదు. టీ తాగుతూ నవ్వుకున్నాం.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ముప్ఫై రెండుకి ముందు ఎడమ చక్రం వెనక, బ్రేకు పైపు జాయింటు దగ్గర నూనె కారుతోంది. నువ్వు ఆ బస్సెక్కిన రోజు కాదు, అంతకు ముందు రోజు సాయంత్రమే కారుతోంది. మా షెడ్డులో ఒకడు చూశాడు. గుడ్డపెట్టి తుడిచాడు. కాసేపటికి మళ్ళీ తడి కనబడింది. పైపు మార్చడానికి అరగంట చాలు. కానీ డబ్బాలో అతను వేసిన చీటీ ముప్ఫై రెండు మీదే. రేపు పెడల్ మెత్తబడుతుంది, డ్రైవరు పసిగట్టి పక్కన ఆపి ఫోన్ చేస్తాడు, ఎవరికేం నష్టంలే అనుకున్నాడు. తనిఖీ షీటులో బ్రేకులు సరిగా ఉన్నాయని రాసి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు.

వాలులో తొక్కితే పెడల్ నేల దాకా పోయిందని నువ్వు మొదటిరోజే చెప్పావు. ఫోర్మన్ ఆ షీటు తీసి నీ ముందు పెట్టాడు. కాగితం అలా ఉండేసరికి నీ కాలు చెప్పిన నిజం మీద నీకే నమ్మకం పోయింది. చీటీ తీసిన చెయ్యినే తిట్టుకుంటూ కూర్చున్నావు. ఎదురుగా బళ్ళొస్తుంటే బస్సుని కలప అడితి గోడకేసి తిప్పి, లోపలున్న నలభై మందినీ నడుచుకుంటూ ఇళ్ళకి పంపించావు. విరిగింది నీ కాలొక్కటే. ఆ స్టీరింగు తిప్పిందీ ఆ చెయ్యే కదా. దాన్నెవడైనా మంచిది కాదంటే నేనూరుకోను, అది నువ్వే అన్నా సరే.

నువ్వు చీటీ తీసినందుకు పైపు కారలేదు. కారుతుంటే చూసి కూడా ఒకడు వదిలేశాడు. ఇందులో నీ తలరాతేమీ లేదు. కాబట్టి ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. సోమవారం పదింటికి ఈ సంగతంతా చెప్పే మనిషి విచారణకి వస్తాడు. ఆ పూచీ నాది.

ఇక్కడ రెండు డబ్బాలూ తీసేశారు. క్లర్కు మళ్ళీ చార్టు రాస్తున్నాడు, మళ్ళీ అందరిచేతా తిట్లు తింటున్నాడు. మందులు మానకు. అక్కని కసరకు, ఈ మూడు వారాల్లో సగమైపోయింది.

ఉంటాను.

నీ బావమరిది

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తెరిచాను. ఒకడు, ఒకడు అని రాసుకుంటూ పోయాను చూడు, వాణ్ణి నేనే. గుడ్డపెట్టి తుడిచింది నేను, షీటు రాసింది నేను, ముప్ఫై రెండని చీటీ వేసింది నేను. ఆ బస్సు నీకొస్తుందని నాకు తెలియదు బావా. అంటే, ఇంకొకడికొస్తే ఫరవాలేదనుకున్నానన్నమాట. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. సోమవారం చెప్పేది నేనే. నా మీద నమ్మకం లేకపోతే ఈ ఉత్తరం తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టు, నా చేతిరాతే.

ఇంకొక్కటి. నీకు ఆపరేషనయ్యాక వచ్చిన ఆదివారం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ మంచం పక్కనే కూర్చున్నాను. సెలవెలా దొరికిందిరా అని అడిగావు. ఫోర్మన్ని బతిమాలుకున్నానన్నాను. నాకోసం అంత చేశావా అని నా చెయ్యి పట్టుకున్నావు. ఫోర్మన్ని నేనేమీ అడగలేదు బావా. ముందురోజు డబ్బా విప్పారు. అది నేను గెలుచుకున్న ఆదివారం.