కార్లు లేని దారి, క్యారియర్ ఉన్న సైకిలు

నగరవనం అధికారి గారి సముఖమునకు,

తాటిలంక కాపురస్తుడు, డెబ్బయి నాలుగేళ్ళ వయసువాడు, అయిదో తరగతి దాకా చదివి ఆరులో బడికి సెలవిచ్చేసిన బత్తుల సంజీవరావు స్వహస్తాలతో రాసుకొను అర్జీ.

విషయం: నగరవనం కాలవగట్టు మీద తమరు కొత్తగా పెట్టిన "కార్లు లేని టూరింగ్ సైకిల్ మార్గం" లోనికి నా సైకిలును, దాని క్యారియరును, సదరు క్యారియరు మీద కూర్చున్న నా భార్య మణెమ్మను రానివ్వకపోవుట గురించి.

అయ్యా,

తమరిని కిందటి నెల ప్రారంభోత్సవంనాడు చూశాను. రిబ్బను కత్తిరించి, సైకిలెక్కి ఫోటో దిగి, సైకిలు దిగి కారెక్కారు. పేపర్లో ఫోటో బాగా వచ్చింది. మీ ఎడంకాలు పెడలు మీద లేదు, నేల మీద ఉంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా వీధివాళ్ళకి తప్ప.

అర్జీకి నంబర్లు వెయ్యాలన్నారు. వేస్తున్నాను.

1. సదరు మార్గము తమరి మార్గము కాక పూర్వము మా మార్గమై యున్నది. గేటు నించి లాకుల దాకా నాలుగు కిలోమీటర్లు. ఒక పక్క చెట్లు, ఒక పక్క కాలవ. ఆ తుమ్మలూ కానుగలూ నా మోకాలంత ఉన్నప్పటి నించి నేనూ మణెమ్మా రోజూ పొద్దున ఆరున్నరకి బయల్దేరి, లాకుల దగ్గర ఆదెమ్మ కొట్లో టీ తాగి, అదే గట్టున వెనక్కొస్తాం. అప్పుడు దానికి పేరు లేదు. పేరు పెట్టారు, సంతోషం. పేరు పెట్టినవాళ్ళు మమ్మల్ని బయట నించోబెట్టారు, అదీ గొడవ.

2. గేటు దగ్గర బోర్డు మీద "టూరింగ్ సైకిళ్ళకు మాత్రమే ప్రవేశం" అని రాయించారు. మీ గార్డు బాబీ అడ్డం నించున్నాడు.

"తాతగారూ, ఇది టూరింగ్ సైకిళ్ళకండి. మీది మామూలు సైకిలు."

"టూరింగ్ అంటే ఏంట్రా?"

"అంటే... టూరుకెళ్ళేదండి. గేర్లుంటాయి. నెత్తిన టోపీ పెట్టుకుంటారు."

"తువ్వాలు చుట్టుకుంటాను, సరిపోద్దా?"

"ఆర్డర్లో తువ్వాలు లేదండి."

అయ్యా, టూరింగ్ అనే మాట మీద నాకు తమరికన్నా ముందు నించి హక్కు ఉన్నది. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు చల్లపల్లిలో ఒక టూరింగ్ టాకీసు, మొవ్వలో ఒక టూరింగ్ టాకీసు. రెండు డేరాలకీ సినిమా పెట్టె ఒకటే. చల్లపల్లిలో రీలు అయిపోగానే దాన్ని డబ్బాలో పెట్టి, ఈ క్యారియరుకి కట్టి, మొవ్వలో ముందు రీలు అయిపోయేలోగా అందించాలి. ఆ పని నాది, ఈ సైకిలుది. ఒకసారి చైను తెగి ఆలస్యమయ్యింది. హీరో కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు, మొవ్వ జనం బెంచీలు ఎత్తారు. ఆ జనంలో కూచున్న ఒక పిల్ల, నేను చెమట్లు కక్కుతూ లోపలికొస్తే, "రీలబ్బాయ్, కత్తి దింపమను, ఆయనకి చెయ్యి నొప్పెడతంది" అంది. ఆ పిల్లే ఇప్పుడు సదరు క్యారియరు మీద కూర్చునే మణెమ్మ. కనుక ఈ కృష్ణా జిల్లాలో టూరింగ్ సైకిలు అనేది ఏదైనా ఉంటే అది నాదే అని మనవి.

ఇది ముసలాడి వాదనని తమరు అనుకుంటారేమో. బెజవాడలో చదువుకునే మా మనవరాలు బ్లెస్సీ ఫోన్లో వెతికి చెప్పింది. పైదేశాల్లో టూరింగ్ సైకిలంటే వెనకాల క్యారియరు ఉండాలంట, మడ్‌గార్డులు ఉండాలంట, బరువు మొయ్యాలంట. నా బండికి మూడూ ఉన్నాయి. తమరు లోపలికి వదులుతున్న సన్నచక్రాల సైకిళ్ళకి క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, స్టాండు కూడా లేదు. ఆపితే చెట్టుకి ఆనించాలి. మీ బోర్డు ప్రకారం ఆపాల్సింది వాళ్ళని.

3. సదరు మార్గమును వన్‌వే చేసియున్నారు. గేటులో లోపలికి, లాకుల దగ్గర బయటికి, అక్కణ్ణించి హైవే మీద ఇంటికి. సైకిలు దొరలకి ఇబ్బంది లేదు. వాళ్ళు కారుకి వెనకాల సైకిలు కట్టుకొచ్చి గేటు దగ్గర దించుతారు. వీళ్ళు తొక్కుతుంటే డ్రైవరు ఆ కారుని లాకుల దగ్గరికి తెచ్చి ఏసీ వేసి ఉంచుతాడు. మొన్న ఆదివారం ఆదెమ్మ టీకొట్టు ముందు పదకొండు కార్లు లెక్కపెట్టాను. నాకు కారు లేదు. హనుమాన్ జంక్షన్ వెళ్ళే లారీల మధ్య ముసలిదాన్ని వెనకేసుకుని రావాలి. అంటే అయ్యా, తమరి కార్లు లేని దారిలో తిరగాలంటే ముందు కారు ఉండాలి. ఈ ముక్క ఇంగ్లీషులో రాయిస్తే బాగుండునేమో, తెలుగులో కొంచెం గట్టిగా తగుల్తుంది.

4. ఈ నంబరు రాయడానికి రెండు రోజులు పట్టింది.

మణెమ్మకి నీటికాసులు. బెజవాడ కళ్ళ డాక్టరు గారు చూసి, పక్కచూపు పోయింది, ఎదురుగా చిన్న బిళ్ళంత మిగిలింది, చుక్కలమందుతో దాన్ని కాపాడుకోవాలి అన్నారు. ఎన్నాళ్ళు అంటే, "చెప్పలేనండీ" అన్నారు. బయటికొచ్చాక మణెమ్మ, "ఆ బిళ్ళలో నీ మొహం పెట్టమాక. ఏభై ఏళ్ళు చూశాను" అంది.

ఆడవాళ్ళు క్యారియరు మీద ఎడంపక్కకి తిరిగి కూచుంటారు, తమరికి తెలిసే ఉంటుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు ఆవిడకి ఎదురుగా చెట్లు. వచ్చేటప్పుడు ఎదురుగా కాలవ. మెడ తిప్పక్కర్లేదు. ఆ బిళ్ళంత చూపులోకి అవే ఒకటొకటిగా వస్తాయి. "తుమ్మ పూసింది" అంటుంది. "లకుముకి పిట్ట, ఆపు" అంటుంది. ఆపుతాను. ఒక్కోసారి అది పిట్ట కాదు, తీగకి పట్టుకున్న నీలం కవరు. నేను చెప్పను. తమరు కూడా చెప్పొద్దు.

తమరి వన్‌వేలో ఆవిడకి చెట్లు మిగుల్తాయి, కాలవ పోతుంది. డబుల్స్ నిషేధం అనే మీ రెండో బోర్డుతో చెట్లు కూడా పోతాయి. ఒక కన్ను దేవుడు తీసుకుంటున్నాడు, ఆయనతో నేను విడిగా మాట్లాడుకుంటాను. రెండోది తమరి ఆఫీసు తీసుకోవడానికి నేను ఒప్పుకోను.

5. బాబీ మంచివాడు. ఒకవేళ లోపలికి వదిలినా, వచ్చేటప్పుడు ఆవిణ్ణి కుడిపక్కకి తిప్పి కూచోబెట్టుకుని ఆ హైవే మీదే రండి, అటు తిరిగితే దూరంగానైనా కాలవ కనపడుద్ది అన్నాడు. కుడిపక్క చైను ఉంటుంది, చీర పడుతుంది, పడితే ఇద్దరం లారీ కింద పడతాం. సైకిలు తొక్కినవాడికి ఇది చెప్పక్కర్లేదు. కిందటి సోమవారం మేం మాట వినకుండా లోపలికి పోతే, వెనకాలే లాకుల దాకా వచ్చి సదరు బాబీ సదరు సైకిలుకి గాలి తీసేశాడు. తీసేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు. "పైనించి ఆర్డరండి తాతగారూ" అన్నాడు. పైన ఉన్నది తమరు గనక తమరికి రాస్తున్నాను. వాడి మీద చర్య వద్దు. ఆ రోజు సైకిలు తోసుకుంటూ హైవే మీద నాలుగు కిలోమీటర్లు నడిచాం. లారీ హారన్ వినపడ్డప్పుడల్లా మణెమ్మ నా చొక్కా పట్టుకుంది. ఆవిడ నన్ను తిట్టకుండా నాలుగు కిలోమీటర్లు నడవడం అదే మొదలు. అందుకే ఈ అర్జీ.

6. కావున నా సైకిలును టూరింగ్ సైకిలుగా గుర్తించవలెను. క్యారియరు మీద ఒక మనిషిని అనుమతించవలెను. పొద్దున ఆరున్నర నించి ఎనిమిది దాకా గట్టును రెండువైపులా తెరవవలెను. ఈ మూడిట్లో బేరం లేదు. ప్రారంభోత్సవం రిబ్బను ముక్క ఒకటి గేటు పక్క కానుగ కొమ్మకి ఇంకా వేలాడుతోంది, అది కూడా తీయించవలెను. మణెమ్మ దాన్ని రోజూ ఎర్రపిట్ట అనుకుంటోంది.

చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేకపోతే గేటు తాళం తీసి ఉంచినా చాలును.

తమ విధేయుడు (గేటు బయట ఉన్నంతసేపు),
బత్తుల సంజీవరావు

తా.క. మణెమ్మ ఎనిమిదో తరగతి. నేను రాసిన ప్రతి కాయితం ఆవిడ దిద్దేది. ఇప్పుడు చదవలేదు గనక పైకి చదివి వినిపించాను. నాలుగో నంబరు వదిలేసి చదివాను.

"మూడు తర్వాత అయిదేంటి?" అంది.

"నేను చదివింది అయిదే కదా, మధ్యలో నాలుగు తప్పాను" అన్నాను.

"చదువు."

చదివాను. నీలం కవరు సంగతి కూడా చదవాల్సొచ్చింది. తర్వాత, "కవరని నాకు తెలుసులే. నువ్వు ఆపుతున్నావు కదా అని ఊరుకున్నా" అంది. నాలుగోది తీసెయ్యనా అంటే, "ఉంచు. మిగతావన్నీ నీ వాగుడు. కానీ జాలిపడి ఇచ్చేపనైతే వద్దని రాయి" అంది.

కనుక అయ్యా, జాలి వద్దు. రెండో నంబరు కింద, టూరింగ్ అనే మాట మీదే ఇవ్వండి. సోమవారం ఆరున్నరకి గేటు దగ్గర ఇద్దరం ఉంటాం. గాలి కొట్టించాను, ఈసారి పంపు కూడా క్యారియరుకి కట్టాను. ఆపదల్చుకుంటే బాబీని పంపొద్దు, తమరే రండి. కారు మాత్రం హైవే మీద పెట్టి నడిచి రావాలి. లోపలికి కార్లు రాకూడదు.