అలోయ్జీ గ్రుష్కా ఒంటరిగా ఎగిరాడా?

జెల్నా పట్నం,
ఏప్రిల్ చివరివారం

గౌరవనీయులైన లియోకాడియా మేడమ్ గారికి,

మీ పాత శిష్యుడు అలోయ్జీ గ్రుష్కా నమస్కారాలు. గుర్తున్నాననే అనుకుంటున్నాను. అరవై ఒకటో సంవత్సరం వేసవిలో లిపోవ్కా విమాన క్లబ్బులో మీ దగ్గర ఇంజను లేని గ్లైడర్ విమానం నడపడం నేర్చుకున్నాను. తర్వాత ఇక్కడ నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పైపుల మధ్య జీవితం గడిచిపోయింది. మొన్ననే రిటైరయ్యాను. మళ్ళీ ఎగిరింది లేదు.

క్లబ్బు వాళ్ళు జూబిలీ పుస్తకం వేస్తున్నారని తెలిసి నా జ్ఞాపకాలు రాసి పంపాను. పొద్దున్నే మంచులో తడిసిన గడ్డి మీద గ్లైడర్‌ని తోసుకెళ్ళడం, మీరు వెనక సీట్లోంచి "ముక్కు దించరా గాడిదా" అని అరవడం, చివరికి ఒక సాయంత్రం మీరు దిగిపోయి "ఇక నీ చావు నువ్వు చావు" అని నన్నొక్కణ్ణే పైకి పంపడం, అన్నీ రాశాను. కమిటీ వాళ్ళు తిప్పి పంపారు. పాత రికార్డులు వరదలో పోయాయట. నేను ఒంటరిగా ఎగిరినట్టు గురువు గారి మాట ఉంటేనే అచ్చు వేస్తారట. మీరు రెండు ముక్కలు రాసి పడేస్తే చాలు.

మేడమ్, దాచడమెందుకు, నా బతుకు మొత్తంలో చెప్పుకోదగ్గది ఇదొక్కటే. మిగతాదంతా పైపులే.

మీ మాట కోసం ఎదురుచూస్తూ,
అలోయ్జీ గ్రుష్కా

తా.క. మా ఆవిడ ఒటీలియా నన్ను చేసుకోవడానికి ఒప్పుకున్నది కూడా ఈ ఒక్క కథ విని. అందుచేత కొంచెం త్వరగా రాయగలరు.

---

లిపోవ్కా,
మే మొదటివారం

అబ్బాయ్ అలోయ్జీ,

నీ ఉత్తరం చేరింది. నేను చెబుతుంటే మా చెల్లెలు బ్రోన్యా రాస్తోంది. దాని దస్తూరీ బాగుంటుంది, బుర్ర సంగతి అడగకు.

నువ్వు గుర్తులేకపోవడమేమిటి? సన్యాసినుల మఠం క్యాబేజీ తోటలో దిగినవాడివి నువ్వే కదూ. సిస్టర్లందరూ ప్రార్థన మధ్యలో ఆపేసి పరుగెత్తుకొచ్చారు. నువ్వు తోటలో నిలబడి "ఇది లిపోవ్కా మైదానమేనా అండీ" అని అడిగావు. మదర్ గారు నీ చెవి మెలిపెట్టి గేటు దాకా నడిపించుకొచ్చింది. ఎలా మర్చిపోతాను? ఇదంతా వివరంగా కమిటీకి నిన్ననే రాయించేశాను. వాళ్ళ సంతోషం చూడాలి. ఇంత మంచి జ్ఞాపకం ఇంతవరకూ ఎవరూ పంపలేదట.

నీ పని అయిపోయింది, నిశ్చింతగా ఉండు.

నీ గురువు,
లియోకాడియా

తా.క. (రాసేది బ్రోన్యా) బుర్ర మాట తీసేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. చెప్పింది చెప్పినట్టు రాశాను, నా మంచితనం మీరే చూసుకోండి.

---

జెల్నా పట్నం,
మే రెండోవారం

గౌరవనీయులైన మేడమ్ గారికి,

గుండె చేత్తో పట్టుకుని రాస్తున్నాను.

క్యాబేజీ తోటలో దిగింది నేను కాదండీ. వాడు నాతోపాటు మీ దగ్గరే నేర్చుకున్న ఇగ్నాసీ వ్రోనా. వాడు కొంగలా పొడుగు, నేను పొట్టి. నేను ఎగిరిన సాయంత్రం మైదానంలోనే, గుడ్డ జెండాల మధ్యనే దిగాను. మీరు కమిటీకి రాయకుండా ఉంటే ఎంత బాగుండేది. నిన్న అచ్చు ప్రతి పంపారు. పైన పెద్ద అక్షరాల్లో "క్యాబేజీల్లో గ్రుష్కా" అని ఉంది. కింద బొమ్మ కూడా వేయించారు. అందులో నా చెవి నా తలకంటే పెద్దది.

నేను ఎగిరాననడానికి నా దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాణ్ణి గ్లైడర్ తోక మీదికి వంచి, క్లబ్బులో ఉన్నవాళ్ళందరూ వరసగా పిరుదుల మీద వాయించడం మన ఆచారం కదా. పైకి లేచే గాలి పైలట్‌కి ముందు తెలిసేది కూర్చునే చోటే, ఆ చోటుని మేలుకొలపాలి అని చెప్పింది మీరే. నన్నూ కొట్టారండీ. మొదటి దెబ్బ మీదే. తర్వాత గ్లైడర్‌ని తీగ కట్టి పైకి లాగే యంత్రం దగ్గరి మనిషి, ఆ తర్వాత వంటావిడ. ఆమెది మరీ పెద్ద చెయ్యి. ఆ రోజు ఇంటికెళ్ళి బీట్‌రూట్ సూప్ నిలబడే తాగాను. ఎగరనివాణ్ణి పట్టుకుని ఎవరైనా ఎందుకు కొడతారు?

దయచేసి కమిటీకి సవరణ పంపండి.

అదే మైదానంలో దిగిన మీ శిష్యుడు,
అలోయ్జీ

తా.క. మా బావమరిది వచ్చినప్పుడల్లా క్యాబేజీ ధర అడుగుతున్నాడు.

---

లిపోవ్కా,
మే మూడోవారం

అబ్బాయ్ అలోయ్జీ,

ఎందుకు కొడతారని అడిగావు. నాయనా, ఆ రోజుల్లో ఎవరు దొరికితే వాళ్ళని కొట్టేవాళ్ళం. ఒకసారి పోస్టుమాన్ ఎండకి తాళలేక వచ్చి గ్లైడర్ రెక్క నీడలో కాసేపు కూర్చుని లేచాడు. ఎవరో దూరం నుంచి "అదిగో, దిగాడు" అన్నారు. అంతే, తోక మీదికి వంచి అందరం తలో దెబ్బా వేశాం. చేతిలో ఉత్తరాల కట్ట కూడా అలాగే ఉంది పాపం. ప్రభుత్వం ఏదో కొత్త చట్టం తెచ్చిందనుకుని నోరెత్తకుండా వెళ్ళిపోయాడు. ఆ కాలంలో అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కాబట్టి దెబ్బలు సాక్ష్యం కావు.

ఇంకో సంగతి చెప్తాను, బాధపడకు. నా ఉద్యోగమంతా వెనక సీట్లోనే గడిచింది. శిష్యులు ముందు, నేను వెనక. వాళ్ళ ముఖాలు నాకెలా తెలుస్తాయి? నాకు తెలిసింది మెడలూ చెవులూ. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే చర్చిలో వెనక బెంచీలో కూర్చునేదాన్ని, పెళ్ళికొడుకు ఎవరో తెలియాలి కదా. కనక నీ తల వెనక వైపు ఫోటో తీయించి పంపు. చూసి చెప్తాను.

నీ మేలు కోరే,
లియోకాడియా

తా.క. (బ్రోన్యా) ఇది నిజమే. ఇంటికి ఎవరొచ్చినా వెనక్కి తిరిగి నిలబడమంటుంది. పాదిరీ గారు మా ఇంటికి రావడం మానేశారు.

---

జెల్నా పట్నం,
జూన్

మేడమ్ గారికి,

ఏ ముఖం పెట్టుకుని నమస్కారం చెప్పాలో తెలియక తల వెనక వైపు ఫోటో జతచేస్తున్నాను.

స్టూడియో అతను "సార్, ఇటు తిరగండి" అన్నాడు. తిరగనన్నాను. "పాస్‌పోర్టుకా అండీ?" అన్నాడు. "అవును, తిరిగి రాని చోటికి" అన్నాను.

జూబిలీ పుస్తకం అచ్చు ప్రతి మఠానికి కూడా వెళ్ళిందట. ఇప్పుడున్న మదర్ గారు నాకు ఉత్తరం రాసింది. ఇన్నేళ్ళ తర్వాత అందరూ కలిసి నా కోసం ప్రార్థన చేశారట, నన్ను క్షమించేశారట. గుర్తుగా ఊరేసిన క్యాబేజీ సీసా ఒకటి పంపారు. ఒటీలియా ఆ సీసాని బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, "ఎగిరాడని చేసుకున్నాను. దిగింది మఠంలోనని ఒక్కనాడైనా చెప్పావా?" అంది. ఏం చెప్పినా వినే స్థితిలో లేదు.

అసలు బాధ అది కాదు మేడమ్. నాకే అనుమానం పట్టుకుంది. తీగ ఊడాక ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోవడం, వెనక నుంచి మీ అరుపు లేకపోవడం, భయమేసి నాకు నేనే బిగ్గరగా మాట్లాడుకోవడం, ఇవన్నీ నిన్న జరిగినట్టే ఉన్నాయి. కానీ చూసినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. మీరు కాదంటే ఇదంతా నేను అల్లుకున్నదేనేమో. ఇదే అల్లుకున్నదైతే ఇంక నా దగ్గరేముంది? పెళ్ళి జరిగిందని మాత్రం నమ్మకంగా చెప్పగలను, ఆ సాక్షి రోజూ మాట్లాడుతుంది.

దిక్కుతోచక,
అ. గ్రుష్కా

తా.క. ఫోటోలో మెడ మీద కనిపించేది పుట్టుమచ్చ కాదు, దోమ.

---

లిపోవ్కా,
జూన్ చివర

అబ్బాయ్,

ఫోటో చూశాను. ఈ తల నేనెన్నడూ చూడలేదు. నా శిష్యులందరికీ జుట్టుండేది. మెడేనని బ్రోన్యా అంటుంది, మోకాలని నేనంటాను.

ఇలా ఉత్తరాలతో తేలేది కాదు. వచ్చే ఆదివారం లిపోవ్కా రా. నువ్వు ముందు సీట్లో కూర్చో, నేను వెనక కూర్చుంటాను. నా చేతి కింద నేర్చుకున్నవాడెవడో మొదటి మలుపులోనే నాకు తెలిసిపోతుంది. ఇప్పటి క్లబ్బు అధ్యక్షుడు నా శిష్యుడి శిష్యుడు, నేనంటే హడలు. అతనితో నేను మాట్లాడతాను. అక్కడ నువ్వు మాత్రం నోరు విప్పకు. ఎవరేమడిగినా తల ఊపు, చాలు.

ఆదివారం కలుద్దాం,
లియోకాడియా

తా.క. (బ్రోన్యా) రావద్దని రాద్దామనుకున్నాను. అక్క పక్కనే కూర్చుంది.

---

జెల్నా పట్నం,
జూలై, బుధవారం

లియోకాడియా మేడమ్ గారికి,

ఇదే నా చివరి ఉత్తరం.

ఆదివారం మీరు నాకు ఏదీ దాచలేదు, అందుకు కృతజ్ఞుణ్ణి. తీగ ఊడాక చర్చి కప్పు, ఏరు, రై పంట చేలు కాళ్ళ కింద అలాగే కనబడ్డాయి. నా కళ్ళద్దాలు మసకబారాయి. మొదటి మలుపులో గ్లైడర్ తిప్పే కర్రని మరీ పక్కకి తోశాను. వెంటనే కర్ర సర్దుకుంది. అది మీ చెయ్యేనని తెలిసింది. రెండో మలుపులోనూ అంతే. చివరికి గడ్డి మీద ఎంత మెత్తగా దిగిందంటే, ఆ దించింది నేను కాదని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఇన్నేళ్ళుగా కుళాయి తప్ప ఏమీ తిప్పని చెయ్యి నాది.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది మీ మౌనం. పైన ఉన్నంతసేపూ మీరొక్క మాట అనలేదు. అప్పట్లో గాడిద అనేవారు. గాడిద అంటే మన ఇంటిదే కదండీ, పరాయి వాణ్ణి కాబట్టి మర్యాదగా ఊరుకున్నారు. దిగాక "ఊఁ" అన్నారు. క్లబ్బు కుర్రాళ్ళు మిమ్మల్ని ఎత్తి దించారు, మీరు సూప్ తాగడానికి వెళ్ళిపోయారు. ఆ ఒక్క ఊకొట్టడంతో నాకు సమాధానం దొరికింది.

ఒంటరిగా ఎగిరి మైదానంలో దిగానన్నది నేను అల్లుకున్నదేనని కమిటీకి రాసేశాను. క్యాబేజీ కథే వేసుకోమన్నాను. ఒటీలియాకి కూడా చెప్పేశాను. లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. తిట్టి ఉంటే బాగుండేది.

సెలవు,
అలోయ్జీ గ్రుష్కా, నీటి సరఫరా శాఖ (రిటైర్డ్)

తా.క. ఊరగాయ తినేసి, సీసా కడిగి, వందనాలతో మఠానికి తిప్పి పంపాను. వాళ్ళు క్షమించేశారు కాబట్టి ఆ పని నేనే చేసి ఉండాలి.

---

లిపోవ్కా,
జూలై, ఆ తర్వాతి సోమవారం

వెర్రి నాయనా,

కర్ర నేను సర్దానన్నావు. అలోయ్జీ, నా వేళ్ళు ముడుచుకోవడం మానేసి చాలాకాలమైంది. సూప్ చెంచా కూడా బ్రోన్యా పట్టాలి. ఈ ఉత్తరాలు దాని చేత ఎందుకు రాయిస్తున్నాననుకున్నావు, దస్తూరీ చూసి మురిసిపోవడానికా? విమానం నడపవచ్చని డాక్టర్లు ఇచ్చే కాగితం నా చేతిలోంచి ఎప్పుడో పోయింది.

జరిగింది ఇదీ. క్లబ్బు అధ్యక్షుడితో "ఇతను జెల్నాలో వారం వారం ఎగిరే పెద్ద పైలట్, ముసలిదాన్ని ఒకసారి తిప్పి తీసుకొస్తాడట" అని చెప్పాను. నీతో నేను గురువునని చెప్పాను. అతను నన్ను నమ్మాడు, నువ్వు తల ఊపావు. ఆ వెనక సీట్లో నేను సామానునే.

నేనెందుకు ఇలా చేశానని అడుగుతావు. కుర్రాళ్ళు నన్ను పైకి తీసుకెళితే గుడ్ల బుట్టని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తారు. నా దగ్గర నేర్చుకున్నవాడి వెనక ఇంకొక్కసారి కూర్చోవాలనిపించింది. పైగా, నిజంగా ఎగిరినవాడైతేనే వస్తాడు, అబద్ధమాడేవాడు ఏదో వంక చెప్పి మానేస్తాడు అని నా లెక్క. తీగ ఊడాక తట్టింది, తెలివితక్కువవాడు కూడా వస్తాడు కదా అని. అప్పటి నుంచి దిగేదాకా మేరీమాతకి మొక్కుకుంటూ కూర్చున్నాను. రెండో మలుపు తర్వాత మొక్కులు కూడా అయిపోయాయి. మౌనం మర్యాద కాదురా, నోరెండిపోయింది.

అరవై ఒకటిలో నిన్ను ఒంటరిగా పంపానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు. పైన ఉన్నంతసేపూ నీ మెడే చూశాను, ఏమీ తోచలేదు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు. ఆ సాయంత్రం నా తలలోంచి పోయింది, ఇక ఎవరూ తెచ్చివ్వలేరు. అందుకు నాకు చాలా బాధగా ఉంది. కానీ ఆదివారం తిప్పింది నువ్వే, సర్దింది నువ్వే, దించింది నువ్వే. అంత మెత్తగా దించినవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఇప్పుడు కష్టమైన మాట. ఇది కమిటీకి రాయలేను. కాగితం లేనివాణ్ణి ఎగరనిచ్చాడని బయటపడితే ఆ కుర్ర అధ్యక్షుడి ఉద్యోగం ఊడుతుంది, క్లబ్బుకి తాళం పడుతుంది. కాబట్టి పుస్తకంలో నువ్వు క్యాబేజీల్లోనే దిగుతావు. చెయ్యని పని ఊరంతా చదువుతుంది. చేసిన పని నాకూ బ్రోన్యాకీ తప్ప ఎవరికీ తెలియదు, తెలియకూడదు. మీ ఆవిడకి కూడా చెప్పకు. ఎంత బరువైన మాట చెబుతున్నానో నాకు తెలుసు.

వెనక సీటు సామాను,
లియోకాడియా

తా.క. (బ్రోన్యా) ఆదివారం నుంచి అక్క మధ్యాహ్నం కునుకు తీస్తూ ఎవరినో బండబూతులు తిడుతోంది. పైన మింగేసినవన్నీ ఇప్పుడు కక్కుతోందేమో. ఎవరినే అని తట్టి లేపి అడిగితే "అలోయ్జీని" అంది. నిద్రలో ఆమె నోట ఒక శిష్యుడి పేరు రావడం నేనింతవరకూ వినలేదు.