ఎవరూ ఏడవని ప్రయాణాలు

సెప్టెంబర్ 4

ఓడెట్ మళ్లీ పాన్సిత్ నూడుల్స్ తెచ్చింది. మూత తీసేసరికి వెల్లుల్లి వాసన కౌంటరంతా కమ్మేసింది. ఆతే రెమీ, నువ్వు తినకపోతే నాకు ముద్ద దిగదు, అంది, సొంత అక్కని పిలిచినట్టు. తిన్నాను. తింటూ ఆమె వెంట వచ్చిన పిల్లల్నే చూశాను.

ఈసారి ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ట్రావెల్ ఏజెన్సీలో పని, టూరిస్టుల్ని విమానం ఎక్కించి పోతానంటుంది ఓడెట్. టూరిస్టుల చెప్పులు అలా అరిగిపోయి ఉంటాయా?

ఇంకో సంగతి ఇవాళే తట్టింది. నేను పెట్టెలకు ప్లాస్టిక్ చుట్టేది ఎయిర్‌పోర్టు డిపార్చర్ తలుపుల పక్కనే. ఈ తలుపుల దగ్గర ఏడుపు లేని పూట ఉండదు. ఒక్కడు దుబాయ్ వెళ్తుంటే జీపు నిండా జనం వస్తారు. అమ్మమ్మలు కుర్చీలు తెచ్చుకుని మరీ ఏడుస్తారు. ఓడెట్ తెచ్చే పిల్లల కోసం మాత్రం ఎవరూ రారు. ఎవరూ ఏడవరు.

సెప్టెంబర్ 5

అనుమానం పాపమని ఫాదర్ అంటాడు. డబ్బా కడిగి ఓడెట్ కోసం పక్కన పెట్టాను.

సెప్టెంబర్ 12

సెప్టెంబర్ వస్తే చాలు, ఇక్కడ క్రిస్మస్ మొదలు. టెర్మినల్లో పాటలు మొదలై రెండో వారం. తల దిమ్మెక్కిపోతోంది.

బ్రేక్‌లో బర్గర్ షాపుకి వెళ్తే ఓడెట్ అక్కడే ఉంది, నాకు వీపు చేసి. ఎదురుగా కొత్త పిల్లలు. పాఠం అప్పజెప్పించుకుంటోంది. ఎక్కడికి? బ్యాంకాక్, సెలవులకి. ఎవరితో? మా కజిన్‌తో. ఎప్పుడొస్తావ్? ఆదివారం. ఒకమ్మాయి తడబడింది. నవ్వుతూ చెప్పవే, నవ్వేవాళ్లని ఎవరూ ఆపరు, అంది ఓడెట్.

తర్వాత కౌంటర్ దగ్గరికి వస్తే అడిగేశాను, ఏంటా పాఠాలని. విరగబడి నవ్వింది. ఇమిగ్రేషన్ వాళ్లు ఊరికే భయపెట్టి, విమానం ఎక్కనివ్వకుండా ఆఫ్‌లోడ్ చేస్తున్నారు ఆతే, ఈ దేశంలో అందరూ చేసేదే, నేనేమన్నా కొత్తగా కనిపెట్టానా, అంది. వెళ్తూ వెళ్తూ నా చెంప గిల్లింది.

నువ్వు పెట్టెలు చుట్టు ఆతే, మనుషుల్ని విప్పకు.

సరదాకే అంది. అన్నప్పుడు నవ్వింది కూడా. అయినా మధ్యాహ్నమంతా ఆ మాటే చెవిలో.

సెప్టెంబర్ 29, ఆదివారం

ఇవాళ్టిది రాసి తీరాలి.

చర్చిలో పూజ అయ్యాక చెల్లెలు నెలియా ఇంటికి వెళ్లాను. వాళ్ల ఊరు కావితేలో పెద్ద వాన. నెలియా ముఖం వెలిగిపోతోంది. కూతురు గ్లైజాకి ఉద్యోగం వచ్చిందట. బ్యాంకాక్‌లో, కంపెనీలో, కస్టమర్లతో మాట్లాడే పని. గ్లైజా ఒక్కతే కాదు, పక్కింటి వెంగ్ కూడా. ఆ ఇద్దరూ పలక పట్టిన నాటి నుంచీ ఒక్క గొడుగులో తిరిగినవాళ్లు.

ఏజెంట్ ఎవరన్నాను. మేడమ్ డెట్, ఎంత మంచిదో, ఎంత సెంటు వాసనో అంది నెలియా. ఫోటో చూపించింది. మధ్యలో ఓడెట్, అటు గ్లైజా, ఇటు వెంగ్.

నీ పేరు చెబితేనే నమ్మాం కదా, అంది నెలియా. ఆతే రెమీ నాకు సొంత అక్కకంటే ఎక్కువ అందట ఓడెట్. రోజూ ఒకే డబ్బాలో తింటామందట.

గ్లైజా డిగ్రీ ఫోటో ఓడెట్‌కి నేనే చూపించాను. ఉద్యోగం దొరక్క పిల్ల కుమిలిపోతోందని కూడా నేనే చెప్పాను.

వద్దన్నాను. చూసినదంతా చెప్పాను. నెలియా గరిటె బల్లమీద పడేసింది. నీ కడుపున ఒక్క కాయైనా కాస్తే తెలిసేది, పిల్ల బాగుపడుతుంటే తల్లికి ఎలా ఉంటుందో, అంది. పెద్దమ్మనైన నాకు గ్లైజా మెల్లగానే చెప్పింది, తీతా, ఎయిర్‌పోర్టులో ఉండీ ఉండీ నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తున్నారు, నువ్వు కూడా ఒక స్కానర్ అయిపోయావు. వెంగ్ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది.

తినకుండానే బస్సెక్కాను.

అక్టోబర్ 1

ఓడెట్‌ని నిలదీశాను. కంపెనీ పేరేంటి, ఎక్కడుంది, గ్లైజాని టూరిస్టులా ఎందుకు పంపుతున్నావ్ అని.

తడుముకోకుండా పేరు చెప్పింది, వీధి చెప్పింది. అక్కడికి వెళ్లాక పర్మిట్ ఇస్తారంది. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా అనుకున్న నువ్వే ఇలా అడిగితే నేనెక్కడికి పోవాలి ఆతే, అంది. నీకిష్టం లేకపోతే గ్లైజా సీటు ఇంకెవరికైనా ఇస్తాను, నీ చెల్లెలికి నువ్వే చెప్పుకో అంది.

చెప్పలేననీ తెలుసు ఆమెకి.

టిష్యూ ఇచ్చాను. కళ్లు ఒత్తుకుని ఇచ్చేసింది. చూశాను. టిష్యూ తడవలేదు.

అక్టోబర్ 8

వాళ్లు ఇవాళే వచ్చారు. నెలియాని రావద్దందట ఓడెట్. జనం వస్తే ఇమిగ్రేషన్‌కి అనుమానమట. గ్లైజా, వెంగ్ ఒకేరకం టోపీలు పెట్టుకున్నారు. కోపంగా ఉన్నా గ్లైజా పెట్టె నా దగ్గరికే తెచ్చింది. ఉద్యోగానికి వెళ్లే పిల్ల పెట్టె ఒంటిచేత్తో లేచింది. ఎక్కువ బట్టలు వద్దన్నారు తీతా, టూరిస్టులా కనబడాలట, అంది.

చుట్టాను. గట్టిగా, పొర మీద పొర. ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

కౌంటర్ అలాగే వదిలేశాను. టెర్మినల్ చివర, మనుషుల అక్రమ రవాణా మీద ఫిర్యాదులు తీసుకునే డెస్క్ ఉంది. రోజూ దాని ముందు నుంచే నడుస్తాను. ఇవాళ నిలబడ్డాను. యూనిఫాంలో ఉన్నావిడకి రెండు పేర్లు, రెండు టోపీలు, ఓడెట్ సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. పక్కనున్న కుర్రాఫీసరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆవిడ మాత్రం ఫోన్ తీసింది.

గ్లైజా ఇమిగ్రేషన్ క్యూలో చివర ఉంది. దొరికింది. వెంగ్ అప్పటికే దాటేసింది. గేటుకి ఫోన్ చేశారు. విమానం తలుపులు మూసేశామన్నారు.

బర్గర్ షాపుకి పరిగెత్తాను. ఓడెట్ కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. ఓడెట్ లేదు.

గ్లైజా బయటికి వచ్చింది, టోపీ చేత్తో పట్టుకుని. నువ్వేనా తీతా, అంది. నేనే, అన్నాను. వెంగ్ ఒక్కతే వెళ్లిపోయింది, దానికి విమానమంటే భయం, చెయ్యి పట్టుకుంటానని మాటిచ్చాను, అంది. నా వైపు మళ్లీ చూడలేదు.

అక్టోబర్ 9

నెలియా ఫోన్ ఎత్తడం లేదు.

అక్టోబర్ 21

నెలియా ఫోన్ ఎత్తకపోయినా, వెంగ్ పంపిన ఫోటోలు నాకు పంపుతోంది. మాటలుండవు. వెంగ్ మంచం మీద. వెంగ్ అన్నం ముందు. వెంగ్ రెండు వేళ్లు చూపిస్తూ. చూశావా అక్కా అని ఒక్కో ఫోటో నా నెత్తిన మొట్టికాయ వేస్తోంది.

పెద్దవి చేసి చూశాను. అన్నింట్లోనూ ఒకటే కర్టెన్, వేసే ఉంది. బ్యాంకాక్ వెళ్లిన పిల్ల వీధిలో నిలబడి ఒక్క ఫోటో దిగదా?

అయితే కర్టెన్ చూసి ఎవరినైనా అనుమానిస్తారా? అంత దిగజారానా నేను?

ఓడెట్ ఇటు రావడం మానేసింది. పక్క టెర్మినల్లో కనిపించిందని, జుట్టు పొట్టిగా కత్తిరించుకుందని షటిల్ డ్రైవర్ చెప్పాడు. డెస్క్‌లో ఆవిడకి చెప్పాను. వాళ్లు వెళ్లేసరికి లేదట.

నవంబర్ 2

చనిపోయినవాళ్ల పండగ. అమ్మానాన్నల సమాధి దగ్గరికి వెళ్లాం. ఎండ, కొవ్వొత్తులు, పక్క సమాధి మీద పేకాట. నెలియా అటు కూర్చుంది, నేనిటు. నా ప్లేటు గ్లైజా చేతికిచ్చి పంపింది. నేను సమాధి తుడుస్తుంటే ఎటో చూస్తూ అంది, చచ్చినవాళ్లనైనా అనుమానించకుండా వదిలెయ్ అక్కా.

గ్లైజా నవ్వలేదు. కొవ్వొత్తి కారుతుంటే చూస్తూ కూర్చుంది.

నవంబర్ 16

షిఫ్ట్ మధ్యలో గ్లైజా వచ్చింది. చెప్పకుండా, వాన చెప్పులతోనే. ఏడుస్తూనే ఉంది. రెండో అంతస్తులో ఉన్న చాపెల్‌కి తీసుకెళ్లాను. అక్కడ ఏడ్చినా ఎవరూ తిరిగి చూడరు.

వెంగ్ వీడియో కాల్ చేసిందట. ఇక్కడ ఒక ఖాళీ ఉంది, నువ్వు కూడా రా, టికెట్ కంపెనీయే పంపుతుంది, ఈసారి వేరే ఊరి నుంచి ఎక్కు అందట. జీతం మంచిది, తిండి మంచిది, అందరూ మంచివాళ్లు అందట.

మరి ఏడుపెందుకే అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక అది నన్ను పేరుతో పిలవలేదు తీతా, అంది గ్లైజా. కోతీ అంటుంది. దుంపా అంటుంది. ఇవాళ గ్లైజా అని పేరు పెట్టి పిలిచింది. ప్రతి మాటకి ముందు ఫోన్ మీదుగా అవతలికి చూస్తోంది. ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు. నవ్వుతూనే ఉంది, మెడ దగ్గర మాత్రం నరం కొట్టుకుంటోంది.

నువ్వేమన్నావ్? అన్నాను.

వస్తానన్నాను. రానంటే దాన్నేం చేస్తారో అని.

ఇద్దరం కలిసి డెస్క్‌కి వెళ్లాం. మొదటిసారి పిచ్చిదాన్ని చూసినట్టు చూసిన కుర్రాఫీసరు ఇవాళ కుర్చీ వేశాడు. నాకేం సంతోషం కలగలేదు. నా అనుమానం తప్పయి ఉంటే ఎంత బాగుండేది.

డిసెంబర్ 6

వెంగ్‌ని బ్యాంకాక్ నుంచి కారులో ఎక్కించి, రాత్రికి రాత్రి నది దాటించి పక్క దేశంలోకి చేర్చారట. ఎక్కడున్నదీ అందాజుగా తెలిసింది. తెచ్చేస్తామని మాత్రం ఎవరూ మాటివ్వరు. కాల్స్ ఆగనివ్వకండి, అన్నారు డెస్క్ వాళ్లు.

గ్లైజా ఆగనివ్వడం లేదు. వస్తున్నానే అంటుంది. పాస్‌పోర్టు కాగితాలు ఆలస్యం అంటుంది. అమ్మకి జ్వరం అంటుంది. పండగ అయ్యాక అంటుంది. ఫోన్ పెట్టే ముందు నవ్వుతుంది. పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి కక్కుకుంటుంది.

నెలియా నిన్న ఫోన్ చేసింది. హలో అంది. తర్వాత చాలాసేపు వాళ్ల వంటింట్లో గరిటె చప్పుడే. నేనూ పెట్టెయ్యలేదు.

జనవరి 11

కాల్ లేదు. మొన్నటి నుంచీ లేదు.

ఫిబ్రవరి 19

వచ్చింది!

అరైవల్స్ వైపు నేను ఎప్పుడో గానీ వెళ్లను. ఇవాళ పొద్దుటి నుంచీ అక్కడే. అక్కడి పోలీసులు దాడి చేసి బయటికి తెచ్చిన వాళ్లందరినీ ఒకే విమానంలో పంపారు. వరసగా నడిచి వచ్చారు. ఎవరి చేతిలోనూ పెట్టె లేదు. వెంగ్ జుట్టు మగపిల్లాడిలా కత్తిరించి ఉంది. చెయ్యి సన్నగా, పుల్లలా.

నెలియా, నేను, వెంగ్ వాళ్లమ్మ, అందరం ఒక్కసారి ఏడ్చాం. గ్లైజా చేతులు చాచి పరిగెత్తింది.

వెంగ్ దాని చెంప మీద ఫెడీమని కొట్టింది.

వస్తానన్నావేమే? అని అరిచింది. ప్రతిసారీ వస్తానన్నావే! నిజంగా వస్తావనుకుని రోజూ చచ్చాను కదే!

ఆ తర్వాతే పట్టుకుని ఏడ్చింది. జనం చూస్తున్నారు. సెక్యూరిటీ అతను దగ్గరికి వచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

కారులో వెంగ్ కొంచెం చెప్పింది. ఒక హాలు, వరసగా కంప్యూటర్లు. దేశదేశాల ముసలివాళ్లకి ప్రేమిస్తున్నానని టైప్ చేయాలి. డబ్బు రాబట్టాలి. ఆగితే కొడతారు. కొత్తవాళ్లని పిలిపించమన్నారు, పిలవకపోతే తిండి లేదన్నారు. ఓడెట్ పేరు వినగానే కిటికీ వైపు తిరిగింది. ఓడెట్ దొరకలేదని నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

నెలియా ఇంట్లో భోజనం. వెంగ్ కుడిచేత్తో అన్నం తింటోంది. ఎడమచేతి వేళ్లు బల్లమీద టైప్ చేస్తున్నాయి. దానికి తెలియడం లేదు. గ్లైజా ఆ చేతిమీద తన చెయ్యి పెట్టింది. వేళ్లు కింద నుంచి కొడుతూనే ఉన్నాయి.