పసుపు హెల్మెట్ మీద పగ

మా ఆవిడకి,

నేను క్షేమం. నువ్వూ, మంచం మీదున్న మీ అక్కా క్షేమమని తలుస్తాను. "ఇక్కడ అందరం క్షేమం" అని రాయబోయి కలం ఆపేశాను. నీ తమ్ముడి సంగతి అలా లేదు మరి.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. బీపీ మాత్రలు మింగుతున్నాను. పాలు పొంగబెట్టలేదు, మాడబెట్టాను; రెండూ ఒకటి కాదు. మీ అక్క చేతికర్ర పట్టుకోనని మొండికేస్తోందని రాశావు. తుంటి ఎముకకి మొహమాటాలుండవని చెప్పు. ఇక "తమ్ముడు వేళకి తింటున్నాడా, రంగుల పని ఎంతవరకు వచ్చింది?" అన్నావు. తింటున్నాడు. పనే నిన్నటిదాకా సాగలేదు.

మన భవనానికి బయట రంగులు వేసే పని వాడికే దొరికిందని సంబరపడ్డావు కదా. వాడు తాళ్లకి వేలాడే పలక మీద కూచుని కిందికి దిగడం ఆలస్యం, కాకులు మీద పడేవి. ఒకటీ అరా కాదు, వీధిలో ఉన్న మందంతా. పొడిచేవి, భుజాల మీద రెట్టలేసేవి. నిన్న ఒకటి కుళ్లిన ఎలుకని తెచ్చి వాడి రంగు డబ్బాలో పడేసింది. ఆ కంపు తలుచుకుంటే ఈ కాగితం మీదే కక్కొచ్చేలా ఉంది. వాడు చెయ్యి విసిరేసరికి పలక ఒరిగిపోయింది. నడుముకి తాడు లేకపోతే ఏమయ్యేదో నేను రాయను, నువ్వు ఊహించకు.

కాకులకంటే మనుషులు ఇంకా రోత. కింద వాటా టీచరమ్మ "ఊరికే పొడుస్తాయా? ఏదో చేసే ఉంటాడు" అంది. సాయంత్రానికి మెట్ల మీదా లిఫ్టులోనూ అదే మాట. ఒక్కరూ కళ్లతో చూసింది లేదు. మేస్త్రీ వచ్చి, "ఏరా, కాకుల పిల్లనేమైనా లేవదీసుకొచ్చావా? రేపటికి ఇది తేలకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అన్నాడు.

నీ తమ్ముడు నేరుగా నా దగ్గరికొచ్చాడు. "బావా, నువ్వు పక్షుల పుస్తకాలు తెగ చదువుతావు కదా. వీటికి నా మీద ఎందుకింత కసి?"

తెలిసిందంతా ఊదరగొట్టాను. కాకి తనకి చెడు చేసినవాణ్ణి మర్చిపోదట. అది అరుస్తుంటే, ఏం జరిగిందో చూడని కాకులు కూడా వాణ్ణి తిట్టడం నేర్చుకుంటాయట. అలాగని అన్నీ ఒక్కలా ఉండవట. కొన్ని మందతో పాటు అరిస్తే, కొన్ని తమ కళ్లనే నమ్ముకుంటాయట. ఇంత వాగానా, చెప్పాల్సిన ఒక్క ముక్కా మింగేశాను.

అది నీకు చెబుతున్నాను. వంటింటి కిటికీ చువ్వల మీది కాకి గూడు నేనే పీకేశాను. ఎముక ముక్కలు, ఎవరిదో మేజోడు, తుప్పు తీగలు, లుకలుకలాడే పురుగులు. భరించలేకపోయాను. పిల్లలన్నీ ఎగిరిపోయాయనుకున్నాను. ఒకటి మిగిలే ఉంది. కింద పడింది, బతకలేదు. నెత్తిన పొడుస్తాయన్న భయంతో, నీ తమ్ముడు రోజూ పనికి పెట్టుకెళ్లే, మనింట్లో తగిలించిన పసుపు హెల్మెట్ పెట్టుకుని మరీ చేశానా పని. కాకులు ఆ హెల్మెట్‌నే గుర్తు పెట్టుకున్నాయి. నా మీద నాకే ఏవగింపుగా ఉంది.

రెక్కలో ఈక ఊడిన కాకి ఒకటుంది. అది మాత్రం మోసపోలేదు. మిగతావన్నీ వాడి మీద పడుతుంటే, అది కిటికీ ముందు కూచుని హెల్మెట్ లేకుండా ఉన్న నన్ను చూసి అరిచేది.

ఈ పొద్దున మేస్త్రీనీ, నీ తమ్ముణ్ణీ డాబా మీదికి పిలిచి, ఆ హెల్మెట్ నా నెత్తిన పెట్టుకున్నాను. క్షణంలో కమ్మేశాయి. చొక్కా, మెడ, చెవి లోపలిదాకా రెట్ట. పక్కనే ఉత్త తలతో నిలబడ్డ నీ తమ్ముణ్ణి ఒక్కటీ ముట్టుకోలేదు. గూడు సంగతి అక్కడే కక్కేశాను. మేస్త్రీ పడీ పడీ నవ్వి వాడికి నీలం హెల్మెట్ ఇప్పించాడు.

వాడు నవ్వలేదు. "నేను పడిపోయుంటే అక్కకి ఏమని రాసేవారు బావగారూ?" అన్నాడు. వాడి నోట నాకు "గారు" ఎప్పుడైనా విన్నావా?

పని మళ్లీ మొదలైంది, కాకులు వాడి జోలికి రావడం లేదు. సాయంత్రానికి మనవైపు గోడంతా మెరిసిపోయింది, మన వంటింటి కిటికీ చుట్టూ తప్ప. అక్కడ పాత మురికి అలాగే వదిలేశాడు. అడుగుదామని తల బయటపెట్టాను. వాడు నావైపు చూడకుండానే పలక కిందికి దింపుకున్నాడు.

ఇట్లు,
ఆ కిటికీ వెనకాల కూచున్న
మీ ఆయన