నోరు మెదపకపోతే దారి బాగున్నట్టే

ఫిబ్రవరి 2, ఆదివారం

బావ ఊఁ అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. నిజంగానే వేశాను, కింది వాటావాళ్లు ఇంటికప్పు వంక చూసుకుని ఉంటారు.

మా అక్క మొగుడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. రెండేళ్ల కిందట కంటి నరాలు దెబ్బతిని చూపు పూర్తిగా పోయేదాకా. ఆయన విజిల్ వేస్తే వీధి చివరి కుక్కలు కూడా లైన్లో నిలబడేవని అక్క అంటుంది. అలాంటి మనిషికి ఇప్పుడు మంచం, రేడియో, కిటికీ పక్క కుర్చీ, అంతే లోకం. ఏప్రిల్‌లో టెన్‌కె రన్ ఉంది, పది కిలోమీటర్ల పరుగు. చూపు లేనివాళ్లు గైడ్‌తో కలిసి పరిగెత్తవచ్చట. అక్కకి మోకాళ్లు సహకరించవు. మిగిలింది నేనే. ఈ ఒక్కటీ పరిగెత్తాడంటే మళ్లీ మనిషవుతాడే, లేకపోతే ఆ కుర్చీకే అతుక్కుపోతాడు, నీ చేతిలో పెడుతున్నాను, అంది అక్క. ఆ మాటకి గుండె ఝల్లుమంది. కానీ భలే ఉషారుగా కూడా ఉంది.

ఫిబ్రవరి 4

మొదటి రోజు. బావ పాత విజిల్ తాడుకి విజిల్ పీకేసి, ఒక కొస ఆయన ఎడమచేతి వేళ్లకి, రెండో కొస నా కుడిచేతి వేళ్లకి చుట్టుకున్నాం. గైడ్ దారంతా చెబుతూ ఉండాలట. నావల్ల కాదు బాబూ అన్నాను. పొద్దస్తమానం వాషింగ్ మెషీన్ల కంపెనీ కాల్ సెంటర్‌లో జనం తిట్లు తింటూ, సార్ సార్ అంటూ వాగేదాన్ని. రోడ్డు మీదన్నా నా నోటికి సెలవు ఉండద్దా?

బావ నవ్వాడు. సరేలే, గుంటో మెట్టో బండో వస్తే చెప్పు చాలు, నువ్వు నోరు మెదపకపోతే దారి బాగున్నట్టే లెక్క, అన్నాడు. ఒప్పందం కుదిరింది. తిరిగొచ్చేటప్పుడు, ఏమే మరదలా, మూగనోము పట్టావా, అని ఒకటే ఏడిపించాడు.

ఫిబ్రవరి 9

పార్కు గేటు దాకా ఆగకుండా! బావ బనియను పిండితే బకెట్టు నిండేది.

ఫిబ్రవరి 14

ఇవాళ ఎడమ చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకున్నాను. బావ నా కుడిపక్కన ఉంటాడు కదా. ఆ చెవి ఆయనది, ఈ చెవి నాది. ఇందులో తప్పేముంది? బీట్ పడుతుంటే కాళ్లు వాటంతటవే పోతున్నాయి. ఇవాళ అడుగులు భలే పడుతున్నాయే అన్నాడు బావ. నవ్వి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 20

రెండో చెవికి కూడా. రోజూ పోయే రోడ్డే కదా.

ఫిబ్రవరి 22, ఉదయం పదకొండు, ఆసుపత్రి బెంచీ

బావ లోపల ఉన్నాడు. కుట్లు వేస్తున్నారు.

కొరియర్ ఆఫీసు గేటులోంచి వ్యాను ఒకటి రివర్స్‌లో బయటికి వస్తోంది. కుయ్ కుయ్‌మని మోగుతూనే వస్తోందట. నాకు వినబడలేదు. నా చూపు ఎదురుగా ఉన్న సిగ్నల్ మీద, నా చెవులు పాటలో. బావకి వినబడింది. రివర్స్ బండి మోగుతోంది, మన వైపేనా అని అడిగాడట. రెండోసారి కూడా అడిగాడట. నేను నోరు మెదపలేదు. మెదపలేదు కాబట్టి దారి బాగుందనుకున్నాడు. తన చెవుల్ని కాదని నన్ను నమ్మి కాలు ముందుకేశాడు.

వ్యాను మూల భుజానికి కొట్టింది. తాడు లాగేసరికి నేనూ వెళ్లి ఆయన మీదే పడ్డాను. ఆయన కనుబొమ్మ చిట్లింది, అరచేతులు దోక్కుపోయాయి. ఎముకలకి ఏమీ కాలేదన్నారు. రెండడుగులు వెనక పడి ఉంటే చక్రం కిందికే.

పడ్డచోట నేలంతా తడుముతున్నాడు. తాడు కోసమేమో అనుకున్నాను. చేతికి నా ఇయర్‌బడ్ తగిలింది. ఊడిపడి కూడా ఇంకా పాడుతోంది. తీసి చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. పాట బాగుందే అని నా చేతిలో పెట్టాడు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 23

వ్యాను వాడిదే తప్పని అక్కకి చెప్పాడు బావ. నేను ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్లి మొత్తం కక్కేశాను. అక్క గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. తరువాత చెయ్యి తుడుచుకుని, తాడు తీసుకెళ్లి విజిల్ ఉన్న డబ్బాలో పడేసి మూత పెట్టింది. రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు అంది. నా మొహం చూడకుండా అంది.

ఫిబ్రవరి 27

కుర్చీలోనే ఉంటున్నాడట. రేడియో కూడా పెట్టట్లేదట.

మార్చి 1

ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగింటికి ఒక కాల్. అలవాటు ప్రకారం నమస్కారం, మీ సమస్య చెప్పండి అన్నాను. అవతల బావ గొంతు! నా దాకా రావడానికి ముగ్గురు వేరే అమ్మాయిలు ఎత్తితే ఫోన్ పెట్టేశాడట. మా ఇంట్లో ఒక మరదలుందండీ, ఇరవై ఎనిమిదేళ్ల పాత మోడల్, ఈ మధ్య సౌండ్ రావట్లేదు, వారంటీ ఉందో లేదో చూస్తారా, అన్నాడు. కాల్ రికార్డవుతోంది. మేం గద్ద అని పిలుచుకునే సూపర్‌వైజరు నా వెనకే నిలబడి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్, అన్నాను. రోజుకి వందసార్లు అనే మాటే, ఇవాళ మొదటిసారి నిజంగా అన్నాను.

అప్పుడు మామూలుగా మాట్లాడాడు. చెవుల్లో ఏమీ ఉండకూడదు. పాత రూలు రద్దు. నీ మౌనాన్ని ఇక నమ్మను, నువ్వు నోరు మూసిన చోటే నేను ఆగిపోతాను, కాబట్టి అడుగడుగునా వాగుతూనే ఉండు, అన్నాడు. అక్కని ఒప్పించాడట. మొదటి వారం వెనకాలే స్కూటర్ మీద వస్తానని అక్క షరతు. రమ్మను, కారేసుకుని రమ్మను! రెస్ట్‌రూమ్‌కి పోయి తనివితీరా ఏడ్చి వచ్చాను.

మార్చి 4

ఎడమన గోడ, కుడిన పైపు, ముందు మూడు గేదెలంత కారు, గుంట, ఇంకో గుంట, ఎవరో నైటీలో చెత్తబుట్ట, మళ్లీ గుంట. ఇలా గంటసేపు. బావ నా పేరు మార్చేశాడు. ఇకనుంచి నేను వసపిట్టనట. వెనక స్కూటర్ మీద అక్క ముసిముసిగా నవ్వడం నాకు వినబడింది.

వినబడింది! ఇది రాయాలి. ఈ రోడ్డు మీద ఎన్ని చప్పుళ్లున్నాయో. మలుపు అవతల బస్సు గేరు మార్చడం, వెనక సైకిల్ చైను, బావ ఊపిరి. ఆయన అలిసిపోయేముందు ఊపిరిలో చిన్న ఈల వస్తుంది. ఇన్నాళ్లూ పక్కనే ఉండి వినలేదు.

మార్చి 16

వంతెన ఎక్కి దిగాం! బావ ఆగకుండా పాడుతున్నాడు. ఆ రోజు నేల మీద దొరికిన పాటే. విన్నది ఒక్క లైనే కాబట్టి ఆ ఒక్క లైనే, చెవులు చిల్లులు పడేలా.

మార్చి 23

మా ముందు ఒకమ్మాయి, తల మీద ఇంతింత హెడ్‌ఫోన్స్, రోడ్డు మధ్యకి జరుగుతూ పరిగెడుతోంది. వెనకాల సైకిలాయన బెల్లు కొట్టాడు, కేకేశాడు, చివరికి హ్యాండిల్ తిప్పుకుని రోడ్డు పక్క గట్టు మీదికెక్కి పడ్డాడు. ఆ పిల్ల వెనక్కి కూడా చూడలేదు. పాటలోనే ఉంది పాపం. నన్ను నేను వెనకనుంచి చూసుకున్నట్టయింది. సైకిలాయన్ని లేపి, ఆమెని తరుముకుంటూ వెళ్లి భుజం తట్టాం. ఉలిక్కిపడి, హెడ్‌ఫోన్స్ తీసి, ఏమైందండీ అని అడిగింది.

ఏప్రిల్ 6

పది కిలోమీటర్లు! ప్రాక్టీసులోనే మొత్తం పది! బావ ఇంటికొచ్చి అక్కని ఎత్తి గిరగిరా తిప్పాడు. అక్క దించమని గోల. నాకు గొంతు కొంచెం గరగరలాడుతోంది. పగలంతా కాల్స్, పొద్దున్నే ఈ వ్యాఖ్యానం. అదే తగ్గుతుంది.

ఏప్రిల్ 10

తగ్గలేదు. పోయింది. నమస్కారం అనబోతే గాలి వచ్చింది. ఐదు రోజులు మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు, అన్నాడు డాక్టరు. రన్ ఆదివారమే అని చీటీ మీద రాసి చూపించాను. పరిగెత్తండి, నోరు తెరవకండి, అన్నాడు.

గొంతు లేని గైడ్‌ని ఏం చేసుకోవాలి?

ఏప్రిల్ 12, సాయంత్రం

బావకి చెప్పడానికి వెళ్లాను. ఎలా చెప్పాలి? నాకు మాట లేదు, ఆయనకి చూపు లేదు. అక్క స్నానంలో ఉంది. ఆవిడ వచ్చేదాకా నేను టేబుల్ మీద కొట్టడం, ఎవరది, తలుపు తీసే ఉంది అని బావ అనడం. అక్క వచ్చి చూసి నవ్వాపుకోలేక గోడకి చేరగిలబడింది.

తరువాత ఎవరూ నవ్వలేదు. నేను చీటీలు రాశాను, అక్క పైకి చదివింది. నిర్వాహకులకి మెసేజ్ పెడితే వేరే గైడ్‌ని ఇస్తామన్నారు, కుర్రవాడు, మంచి గొంతు, అతన్ని తీసుకో బావా అని రాశాను. అక్క డబ్బాలోంచి విజిల్ తెచ్చి, పోనీ ఇది ఊదితే, అంది. పిచ్చిదానా, నా విజిల్ మోగితే ముందున్న వెయ్యి మందీ అటెన్షన్‌లో నిలబడిపోతారు, అన్నాడు బావ.

కనుబొమ్మ మీది కుట్టు మచ్చని చాలాసేపు తడుముకుంటూ కూర్చున్నాడు. తరువాత తాడు అడిగాడు. ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లయితే మెట్టు, పక్కకి లాగితే పక్కకి. ఏమీ లాగకపోతే, అని ఆగాడు. పాత రూలే, నువ్వు నోరు మెదపకపోతే దారి బాగున్నట్టే, అన్నాడు.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అక్క నా వంక చూసింది. నా చెవుల వంక కూడా చూసింది. తానే వచ్చి తాడు కొస నా వేళ్లకి చుట్టింది.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం

పది కిలోమీటర్లూ అయ్యాయి. మెడల్ తీయకుండానే నిద్రపోయాడు.

ఏడో కిలోమీటరు దగ్గర, బారికేడ్ అవతల నీళ్ల వ్యాను ఒకటి కుయ్ కుయ్‌మంటూ రివర్స్‌లో వస్తోంది. నాకు దూరంనుంచే వినబడింది. చూశాను. మా దారిలోకి రాదు. తాడు లాగలేదు.

బావ తల అటు తిరిగింది.

అడగలేదు. కాలు ముందుకేశాడు.